టమాటాకు రెండు రోజుల ఆయుష్షు ఎవరి చేతిలో ఉండాలి?

టమాటా ధర పడిపోయిన ప్రతిసారీ టీవీలో అవే బొమ్మలు. రోడ్డు పక్కన పారబోసిన ఎర్రటి గుట్టలు, వాటిని మేస్తున్న పశువులు, ఆ తర్వాత స్టూడియోలో చర్చ. ఈ మధ్య అలాంటి చర్చ ఒకటి చివరిదాకా విన్నాను. అధికార పక్షం, ప్రతిపక్షం, రైతు సంఘం, అన్నిటిలోనూ కొట్టుకున్నవాళ్లు ఒక్క మాట దగ్గర మాత్రం కలిశారు: కోల్డ్ స్టోరేజీలు కట్టాలి. ఏ కాయ కోసం, ఎవరి సరుకు కోసం అని ఒక్కరూ అడగలేదు. ఆ మాట మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది.

కోసిన కూరగాయ ఇంకొన్ని రోజులు నిలవాలన్న దాంట్లో నాకు పేచీ లేదు. కానీ వ్యాపారి దగ్గర రెండు నెలలు నిలిచే సరుకు కంటే రైతు దగ్గర రెండు రోజులు నిలిచే సరుకు రైతుకు ఎక్కువ మేలు చేస్తుంది. ప్రభుత్వం డబ్బు ముందు ఆ రెండు రోజుల మీద పెట్టాలి. పెద్ద గిడ్డంగుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బాక్సులోకి దిగాక నోరుండదు

మా అక్కను ఇచ్చింది మదనపల్లె దగ్గర, అంగళ్లు వైపు ఒక పల్లెకు. బావ ఏళ్ల తరబడి టమాటా పెడుతున్నాడు. ఆయనతో మండీకి వెళ్లినప్పుడల్లా నేను గమనించేది ఒకటే. వేలం పాట మొదలయ్యేదాకా గలగలా మాట్లాడే మనిషి, తన బాక్సుల దగ్గరికి పాట వచ్చేసరికి ఊరికే నిలబడతాడు. ఒకసారి పక్క వరసలో అలాంటి కాయకే ఎక్కువ పలికింది. ఈయన కాయకు తగ్గింది. ఇవ్వనని చెప్పొచ్చు కదా అంటే ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు.

"కాయ బాక్సులోకి దిగినాక మనకు నోరు ఉండదబ్బీ. ఇయ్యను అంటే యాడికి తోలుకోని పోయేది? పొద్దునకు మెత్తబడతాది. అప్పుడు వీడే ఇంకా దించి అడుగుతాడు."

గుంటూరు మిర్చి యార్డులో రైతు పరిస్థితి ఇలా ఉండదు. అక్కడా దగా ఉంది, అప్పులున్నాయి, కాదనను. కానీ ధర నచ్చకపోతే టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, వాటి మీద అప్పు తెచ్చుకుని, నెలల తరబడి చూడగలడు. ఎండుమిర్చికి ఆ ఓపిక ఉంది. వడ్లకూ కందులకూ ఉంది. టమాటాకు, వంకాయకు, బెండకు, ఆకుకూరకు లేదు. ఎదురుగా ఉన్న వ్యాపారికి ఆ సంగతి రైతుకంటే బాగా తెలుసు. కాయ మెత్తబడడం అంటే మనం తిండి వృథా కావడం గురించే మాట్లాడతాం. కానీ ఒక్క కాయ కూడా కుళ్లకుండా, పారబోయకుండా, అంతా అమ్ముడైపోయిన రోజున కూడా, అది పాడైపోతుందన్న భయం రైతు ధరలోంచి కొంత కోసుకుంటూనే ఉంటుంది. ఆ కోత ఏ వృథా లెక్కల్లోనూ కనపడదు.

లెక్కలంటే గుర్తొచ్చింది. మన దేశంలో కూరగాయలు, పండ్లు నలభై శాతం వృథా అవుతున్నాయని ఉపన్యాసాల్లో వినపడుతూ ఉంటుంది. కోత తర్వాతి పనుల మీద పరిశోధన చేసే లూధియానాలోని కేంద్ర సంస్థ సీఫెట్ దేశమంతా సర్వే చేసి 2015లో ఇచ్చిన నివేదికలో టమాటా నష్టం 12.44 శాతం అని ఉంది. అన్నిటికంటే ఎక్కువ నష్టం జామకు, 15.88 శాతం. అదీ చిన్న నష్టమేమీ కాదు. కానీ నలభై అన్నప్పుడు వచ్చే ఆలోచన వేరు, పన్నెండు అన్నప్పుడు వచ్చే ఆలోచన వేరు. నలభై అంటే సరుకును దాచే చోటే లేదనిపిస్తుంది, గిడ్డంగి కట్టాలనిపిస్తుంది. పన్నెండు అంటే కోత దగ్గర కొంత, బాక్సులో కొంత, లారీలో కొంత, దుకాణంలో కొంత పోతోందని అర్థమవుతుంది. చిన్న చిన్న చోట్ల పోయేదాన్ని చిన్న చిన్న చోట్లే ఆపాలి.

కోల్డ్ స్టోరేజీ అందరికీ ఒకే మందు కాదు

చలి ఎంత ఎక్కువైతే కూరగాయ అంత ఎక్కువ నిలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఆకుకూరలు, క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్ విషయంలో అది నిజమే. సున్నా డిగ్రీల దగ్గర, గాలిలో తేమ బాగా ఉంటే అవి హాయిగా ఉంటాయి. కానీ మన వంటింటి కూరగాయల్లో సగం వేడి దేశాల మొక్కలవి. పచ్చి టమాటాను 12 డిగ్రీల కంటే కిందికి దించి కొన్ని రోజులు ఉంచితే ఆ తర్వాత సరిగా పండదు, రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది, బయటికి తీయగానే కుళ్లు పట్టుకుంటుంది. దోసకాయ, కాకరకాయ కూడా దాదాపు అంతే. వంకాయ, బెండకాయ ఇంకొంచెం ఓర్చుకుంటాయి గానీ ఎక్కువ చలిలో వాటి మీదా గుంటలు పడతాయి, గింజ నల్లబడుతుంది.

కాబట్టి మిర్చి కోసం నడిపే గదిలోనో ఆలుగడ్డల కోసం కట్టిన గదిలోనో ఖాళీ ఉంది కదా అని టమాటా పెట్టలేం. టమాటాకు వేరే గది, వేరే చలి కావాలి. అదే గదిలో ఆకుకూర పెట్టినా కుదరదు. పండే టమాటా నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, దానికి కొత్తిమీర పసుపు రంగుకు తిరిగిపోతుంది. గదులు వేరుగా కట్టి, ఏడాదంతా కరెంటు బిల్లు కట్టి, ధర ఉన్నప్పుడు ఖాళీగా ఉంచి, ధర పడ్డప్పుడు మాత్రం నింపుతామంటే ఆ లెక్క ఎవరికీ గిట్టదు. ధర పడ్డ రోజున కిలోకు వచ్చే డబ్బుల్లో గది అద్దె, ఎత్తుడు దింపుడు కూలీ పోతే రైతుకు ఏం మిగులుతుంది? చివరికి ఆ గదిని నింపగలిగేది, పది మంది రైతుల కాయ చౌకగా కొని పెట్టుకోగలిగిన వాడే. అంటే రైతు మెడ మీదున్న భయం అలాగే ఉంటుంది, వ్యాపారికి మాత్రం ఆగి అమ్ముకునే వీలు ఇంకాస్త పెరుగుతుంది. కోల్డ్ స్టోరేజీ మీద నా అభ్యంతరం ఇదే.

2018-19 బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. రవాణాకూ నిల్వకూ అయ్యే ఖర్చులో సగం సబ్సిడీ ఇచ్చారు. ఆలోచన మంచిదే. కానీ దూరం పంపగలిగిన వాడికి, పెద్ద మొత్తంలో నిల్వ చేయగలిగిన వాడికి అందే సాయం అది. రెండెకరాల్లో కోసి, సాయంత్రానికి బాక్సులు ఆటోకో టెంపోకో ఎత్తించే మా బావ లాంటివాడి చేతికి వచ్చేది కాదు.

కోతకూ లారీకీ మధ్య

అసలు ఆయుష్షు తరిగిపోయేది ఎక్కడో చూద్దాం. కూరగాయ కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి వేగం రెండింతలో మూడింతలో అవుతుంది. మధ్యాహ్నం ఎండలో కోసిన కాయ ఆ ఎండనంతా లోపల పెట్టుకుని వస్తుంది. దాన్ని గోనెసంచిలో కుక్కితే, తన ఊపిరి వేడి కూడా బయటికి పోయే దారుండదు.

చేవెళ్ల వైపు నుంచి హైదరాబాదుకు వచ్చే బీన్స్ సంచి ఒకటి విప్పుతుంటే చెయ్యి పెట్టి చూశాను. తెల్లవారుజాము, చలికాలం, పైన కాయలు చల్లగా ఉన్నాయి. మోచేతిదాకా లోపలికి పెడితే జ్వరమొచ్చిన ఒంటిని తాకినట్టుంది. నడిమధ్యలో కాయలు చెమటపట్టి, ఒకదానికొకటి అంటుకుని, కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఆ సంచిని ఆ తర్వాత ఏ ఏసీ షాపులో పెట్టినా, పోయిన రెండు రోజులు తిరిగి రావు.

దీనికి విరుగుడు కొత్తదేం కాదు. పొద్దున్నే మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కోయడం. కోసింది కోసినట్టు చెట్టు నీడకో షేడ్‌నెట్ కిందికో చేర్చడం. సంచికి బదులు గాలి తగిలే ట్రేలు వాడడం. దెబ్బ తగిలినదాన్ని, పుచ్చుదాన్ని అక్కడే ఏరేయడం. ఆకుకూరను కాలవ నీళ్లలో ముంచి కట్టలు కట్టకపోవడం. ఈ చివరిది నన్ను బాగా బాధపెడుతుంది. తడిపితే బరువొస్తుంది, చూపుకు తాజాగా ఉంటుంది, కానీ మురికినీటితో తడిసిన కట్ట మధ్యలో మర్నాటికే జిగురు మొదలవుతుంది. పాలకూరలో నీరు మూడు శాతం తగ్గితే చాలు, వాడినట్టు కనపడుతుంది. కాబట్టి రైతు తడపడానికి కారణం ఉంది. తడిగుడ్డ కప్పితే సరిపోయే చోట నీళ్లలో ముంచుతున్నారు, అదీ చిక్కు.

ఇవన్నీ రైతుకు తెలియవా? చాలా మటుకు తెలుసు. మా బావను పొద్దున్నే కోయించు అంటే, "కూలోళ్లు వచ్చేది ఎనిమిదికి. వాళ్లకూ ఇంట్లో వంట, పిల్లకాయలు ఉండారు గదా" అన్నాడు. అది న్యాయమైన మాట. బాక్సు సంగతి ఇంకా అన్యాయం. మండీలో బాక్సుకు ఇంత అని పాట. కిలోకు కాదు. అందుకని బాక్సు అంచు మీద ఇంకో రెండు వరసల కాయ గోపురంలా పేర్చాలి. పేర్చకపోతే "తక్కువుంది" అంటారు. లారీలో ఆ బాక్సు మీద ఇంకో బాక్సు ఎక్కుతుంది, గోపురం కాయలన్నీ నలుగుతాయి, ఆ రసం కిందికి కారి బాగున్న కాయకూ బూజు పట్టిస్తుంది. ఈ నష్టం ఆపడానికి గిడ్డంగి అక్కర్లేదు. కాటా వేసి కిలోల్లో పాడితే చాలు. అంచుదాకానే నింపిన బాక్సుకు ధర తగ్గనప్పుడు, అంతకంటే నింపే రైతు ఎవరుంటాడు?

మొత్తం గొడవ ఇదే. కాయ ఆయుష్షు పెంచడానికి శ్రమ పడాల్సింది పొలంలో, దాని ఫలితం దక్కేది దుకాణంలో. నీడలో పెట్టి, ఏరి, ట్రేలో తెచ్చిన బెండకాయకూ, ఎండలో కోసి సంచిలో కుక్కిన బెండకాయకూ పాటలో ఒకే ధర పలికితే ఎవరైనా ఎందుకు శ్రమపడాలి? కొన్ని సూపర్‌మార్కెట్ల సేకరణ కేంద్రాలు గ్రేడును బట్టి ధర ఇస్తున్నాయి, అది నేను చూశాను. అదే కేంద్రం దగ్గర, కాయ కొంచెం వంకరగా ఉందని ట్రేలకు ట్రేలు వెనక్కి తిప్పి పంపితే, అప్పటికే మార్కెట్ టైము దాటిపోయి దారిలో దొరికిన ధరకు ఇచ్చేసిన రైతునూ చూశాను. వద్దన్న కాయను ఒక పూట పెట్టుకునే చోటు లేకపోతే గ్రేడింగు కూడా రైతు మెడకే చుట్టుకుంటుంది.

ఇటుకలు, ఇసుక, నీళ్లు

ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ 1980లలోనే దీనికి ఒక చవకైన దారి చూపించింది: తడి ఇసుకతో చల్లబడే చిన్న గది. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో మూడంగుళాల సందు, ఆ సందులో ఇసుక. ఇసుకను పొద్దునా సాయంత్రం తడపాలి. పైన గడ్డితోనో ఈతాకుతోనో మూత. కరెంటు లేదు. నడి ఎండాకాలంలో బయటికంటే లోపల పది, పదిహేను డిగ్రీలు తగ్గుతుంది, తేమ తొంభై శాతం దాకా ఉంటుంది. మన ఇళ్లలో కుండ నీళ్లు చల్లబడే సూత్రమే. టమాటాకు, వంకాయకు కావలసింది కూడా గడ్డకట్టే చలి కాదు, ఇలాంటి చల్లదనమే.

దీని మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, అవి నిజమైనవే. ఒక గదిలో పట్టేది క్వింటాలు దాకా. మంచి కోత రోజున మా బావ పొలంలో అంతకు ఎన్నో రెట్లు దిగుతుంది. రెండోది, ఇది గాలి పొడిగా ఉన్న చోటే బాగా పనిచేస్తుంది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ ఎండల్లో అద్భుతంగా ఉంటుంది గానీ, గాలే తడిగా ఉండే కోనసీమలోనో విశాఖ తీరంలోనో, ఇంకా వానాకాలంలో ఎక్కడైనా, అంత తేడా చూపించదు. మూడోది నీళ్లు. బోరు ఎండిన ఊళ్లో ఇసుక తడపమని చెప్పడం కష్టం.

అయినా ఆకుకూరలు, బెండ, బీన్స్ పండించే చిన్న రైతుకు క్వింటాలు చోటు చాలా పెద్ద విషయం. టమాటా రైతులకు ఇదే సూత్రంతో పెద్ద షెడ్డు కట్టొచ్చు. పైన నీడ, ఒక పక్క తడి మెత్తలు, వాటిలోంచి గాలి లాగే ఫ్యాన్లు. కోళ్ల షెడ్లలో వాడేదే, మన మేస్త్రీలకు తెలిసిన పనే. ఆంధ్రలో రైతు భరోసా కేంద్రాలని పెట్టి, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలని పిలుస్తున్నవి ఊరూరా ఉన్నాయి. వాటి పక్కన అలాంటి షెడ్డొకటి ఉంటే కూలీలు ఎనిమిదికి వచ్చినా పర్వాలేదు. పదింటికి కోసిన కాయ పదిన్నరకు నీడలో పడుతుంది.

రెండు రోజులతో ఏమవుతుంది అనేవాళ్లకు

ఈ వాదనకు గట్టి జవాబు ఒకటి ఉంది, దాన్ని తప్పించుకోలేను. 2023 జూలై ఆఖరులో మదనపల్లెలో మేలురకం టమాటా కిలో రెండు వందలకు దగ్గరగా వెళ్లింది. అంతకు ముందు నుంచే ధర ఎక్కుతుండడం చూసి చాలామంది నాటారు. సెప్టెంబరు వచ్చేసరికి పది రూపాయల లోపు పడిపోయింది, పత్తికొండ వైపు రైతులు పారబోశారు. వారాల తరబడి సాగే అలాంటి పతనంలో రెండు రోజులు ఆగి ప్రయోజనం ఏమిటి? ఏమీ లేదు, ఒప్పుకుంటాను. కాకపోతే అక్కడ కోల్డ్ స్టోరేజీ కూడా పనికిరాదు. దోర టమాటా సరైన చలిలో కూడా రెండు వారాలు, మహా అయితే మూడు. దానికి కావలసింది గుజ్జు ఫ్యాక్టరీలు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు సీజను దాటాక చాలావరకు ఖాళీగానే ఉంటాయి. కానీ మనం పండించే హైబ్రిడ్ కాయలో నీరు ఎక్కువ, గుజ్జు తక్కువ. అది వేరే రకాలు, వేరే ఒప్పందాలతో తేలాల్సిన విషయం.

నేను మాట్లాడేది మామూలు రోజుల గురించి. ఒక వాన, ఒక లారీల సమ్మె, ఒక పండగ, ఉత్తరాది కొనుగోలుదారులు రాని ఒక ఉదయం, ఇంతమాత్రానికే ధర అటూ ఇటూ ఊగుతుంది. రైతు బతుకులో ఎక్కువ రోజులు అలాంటివే. ఆ రోజుల్లో ఆగగలిగినవాడికి దక్కేది, ఆగలేనివాడికి పోయేది చిన్న మొత్తం కాదు.

చెట్టు మీదే ఆపుకోవచ్చు కదా అని కొందరంటారు. కొంతవరకు ఆపుతారు కూడా. కానీ పండు చెట్టు మీద ఉంటే పై పూతకు బలం తగ్గుతుంది, వాన పడితే పగులుతుంది, రేపు కూలీలు దొరుకుతారన్న నమ్మకం లేదు.

ఇంకో దారి మనకు తెలియకుండానే ఇప్పటికే వచ్చేసింది: విత్తనం. సాహో లాంటి హైబ్రిడ్లు తోలు మందంగా, గట్టిగా ఉండి ఢిల్లీదాకా లారీలో వెళ్లినా చితకవు. రైతుకు మేలు జరిగింది, కాదనలేం. కానీ మా అమ్మ ఇప్పటికీ పప్పులోకి, పచ్చడిలోకి నాటు టమాటా కోసం వెతుకుతుంది. ఈ కాయ ఎంతసేపు మగ్గినా తోలు తోలుగానే ఉంటుంది, పులుపు రాదు అని. విత్తనంలో పెంచిన ఆయుష్షుకు రుచితో వెల కట్టాం. నీడతో, ట్రేతో, చల్లటి షెడ్డుతో పెంచే ఆయుష్షుకు ఆ వెల కట్టక్కర్లేదు. నాటు రకాన్ని మళ్లీ పండించి కనీసం దగ్గరి పట్టణందాకా పంపే ధైర్యం కూడా దాంతోనే వస్తుంది.

కొనేవాళ్ల చేతులు

మన వాటా కూడా ఉంది. మెహిదీపట్నం రైతు బజారులో బెండకాయలు అమ్మే ఒక అక్క ముందు కాసేపు నిలబడితే తెలుస్తుంది. వచ్చిన ప్రతి మనిషీ లేతగా ఉందో లేదో చూడడానికి కాయ ముక్కు విరుస్తారు. విరిచినవాటిలో సగం మళ్లీ కుప్పలో వేసేస్తారు. "అందరు ఇరుస్తరు. ఇరిసినయి ఎవ్వరు గొనరు. పొద్దుగూకేసరికి ముక్కులన్ని నల్లవడ్తయి, ఇగ బర్రెలకే," అంది ఆమె. సొరకాయ మీద గోళ్ల గుర్తులు, టమాటా మీద బొటనవేలి నొక్కులు. పొలం నుంచి జాగ్రత్తగా వచ్చిన రెండు రోజులు అక్కడ పోతాయి. లేత బెండను కంటితోనే గుర్తుపట్టొచ్చు. చిన్నగా, నూగుతో, ముదురు గీతలు లేకుండా ఉంటుంది. చేత్తో వంచి చూస్తే చాలు, విరవక్కర్లేదు.

బోయినపల్లి మార్కెట్లో రోజుకు పది టన్నుల కూరగాయల వ్యర్థంతో దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021లో ప్రధాని మెచ్చుకున్నారు. మంచి పనే, అది తీసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ పది టన్నుల్లో తొక్కలు, ఆకులు పోను, నిన్న సాయంత్రం కూర కావలసిన కాయ ఎంత ఉందో ఎవరైనా వేరు చేసి తూచాలి. అది ఎక్కడ, ఏ చేతిలో పాడైందో రాసిపెట్టాలి. ఏ యార్డులో ఏం కట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

యార్డుల దగ్గర నేను అడిగేవి పెద్దవి కావు. పాట కిలోల్లో జరగాలి, కాటా రైతు కళ్ల ముందు వేయాలి. ట్రేలో ఏరి తెచ్చిన సరుకుకు వేరే వరస, వేరే పాట ఉండాలి. పాడిన ధర నచ్చక ఇవ్వనన్న రైతు బాక్సులకు ఆ రాత్రి యార్డులోనే చల్లటి షెడ్డులో చోటివ్వాలి, మర్నాడు మొదటి పాట వాటికే పెట్టాలి. మండీవాళ్లు దీన్ని ఒప్పుకోరని బావ అంటాడు. ఒప్పుకోరు, నిజమే. అందుకే ఇది వాళ్ల ఇష్టానికి వదలకుండా మార్కెట్ కమిటీ నిబంధనగా రావాలంటున్నాను.